ఏడాది యాత్రలు – ఎంచదగిన ఫలము

ఉగాదినాడు దేవాలయములలో పంచాంగ శ్రవణము జరుగును. రానున్న సంవత్సరమునకు రాజెవరు, మంత్రి యెవరు, వానలెట్లుండును, తమ రాశికి ఆదాయమెంత, వ్యయమెంత యని భక్తులు ఆసక్తితో ఆలకింతురు. అది ముందుచూపు. గడచిన సంవత్సరమును గురించి అట్టి శ్రవణము ఎచ్చటను జరుగదు. అది యెవరికి వారు తమ యింట చేసికొనవలసినది. సింహము కొంతదూరము నడచి, నిలిచి, వచ్చిన త్రోవను ఒకసారి తిరిగి చూచునట. దానినే పెద్దలు సింహావలోకనమనిరి. గృహస్థుడును సంవత్సరాంతమున అట్లు తిరిగి చూచుట మంచిది. అయితే దేనిని లెక్కింపవలెను? ఇదియే యిచ్చట విచారింపదగిన ప్రశ్న.

సామాన్యముగా లెక్కకు వచ్చునవి రెండు. ఒకటి, చేసిన యాత్రలు. రెండవది, ఇంట జరిగిన శుభకార్యములు. మనుమని పుట్టువెంట్రుకలు తిరుమలలో తీయించితిమి, శ్రీరామనవమికి భద్రాద్రిలో కల్యాణము చూచితిమి, అక్షయతృతీయనాడు సింహాద్రి అప్పన్న నిజరూపమును దర్శించితిమి, అమ్మాయి వివాహమైనది, అబ్బాయికి ఉద్యోగమైనది, ఇంటి పెద్దకు షష్టిపూర్తి జరిగినది. వీనిని తలచుకొని సంతోషించుట తప్పు కాదు. భగవంతుడు చేసిన మేలును తలచుకొనుట కృతజ్ఞత. కాని కృతజ్ఞతకును గణనకును నడుమ పలుచని తెర మాత్రమే యున్నది. "స్వామి చూపించినాడు" అన్న మాట "మేము చూచితిమి" అని మారుటకు ఎంతో కాలము పట్టదు. అది "మీరింకను చూడలేదా?" అని పొరుగువారిని అడుగుటకు దారితీయుటకు అంతకన్నను తక్కువ కాలము చాలును.

పూర్వము యాత్రలోని కష్టమే ఈ గణనకు కొంత అడ్డు నిలిచెడిది. "కాశికి పోయినవాడు కాటికి పోయినవానితో సమానము" అన్న సామెత ఆనాటిది. ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830 మే 18వ తేదీన చెన్నపట్టణమునుండి కుటుంబముతోను పరివారముతోను బయలుదేరి, తిరుపతి, అహోబిలము, శ్రీశైలము, హైదరాబాదు మీదుగా కాశి చేరి, గయను సేవించి, 1831 సెప్టెంబరు 3వ తేదీకి మరల ఇల్లు చేరిరి. ఒక్క యాత్రకు పదునైదు మాసములు దాటినవి. తిరుమలకు మొదటి ఘాట్ రోడ్డు 1944లో ఏర్పడువరకు భక్తులకు కాలినడకయో డోలియో శరణ్యము. రెండవ రోడ్డు 1974లో వచ్చినది. 2023లో ప్రారంభమైన వందే భారత్ రైలును ఉదయము సికింద్రాబాదులో ఎక్కినవారు ఆ మధ్యాహ్నమునకే తిరుపతిలో దిగుచున్నారు.

ఈ సౌకర్యమును నిందింపరాదు. మోకాళ్ల నొప్పులతో బాధపడు వృద్ధులు, చంటిపిల్లల తల్లులు, రెండు మూడు దినములకు మించి సెలవు దొరకని ఉద్యోగులు స్వామిని సేవింపగలుగుచున్నది దీనివలననే. అయితే పూర్వము దారి చేయుచుండిన పని యొకటి నేడు మనమే చేసికొనవలసియున్నది. నెలలతరబడి నడచినవాడు దారిలోనే తన అహంకారమును కొంత జారవిడిచెడివాడు. ఎండకు, వానకు, ముక్కుమొగము తెలియనివారు పెట్టిన అన్నమునకు తలవంచుట నేర్చెడివాడు. ఒకటి రెండు దినములలో పోయి వచ్చువానికి దారి ఆ పాఠము చెప్పదు. ఇంటికి వచ్చిన పిదప తానే చదువుకొనవలెను.

యాత్రనుండి తిరిగి వచ్చినవాడు ఎట్లుండవలెనో శ్రీమద్భాగవతము ప్రథమస్కంధమందలి విదురుని వృత్తాంతము తెలుపుచున్నది. విదురుడు హస్తినాపురమును విడిచి, తీర్థములు సేవించి, మైత్రేయ మహర్షివలన తత్త్వము నెఱిగి, చిరకాలమునకు తిరిగి వచ్చెను. పాండవులు ఎదురేగి ఆదరించిరి. ధర్మరాజు ఆయనను సమీపించి, హృదయమున గదాధరుని ధరించిన తమవంటివారే తీర్థములను తీర్థములుగా చేయుదురని కొనియాడి, ఏయే క్షేత్రములు సేవించితిరి, దారిలో ఎట్లు జీవించితిరి, యాదవులు కుశలమా యని అడిగెను. విదురుడు తాను కన్నదంతయు క్రమముగా చెప్పెను. యాదవకుల నాశనమును మాత్రము చెప్పలేదు. వినువారి దుఃఖమును చూడలేక దయతో దాచెను. అటుపిమ్మట కొంతకాలము అచ్చటనే యుండి, పుత్రులు గతించినను ఇంటిపై ఆశ విడువని అన్న ధృతరాష్ట్రునకు కఠినమైన హితవు చెప్పి, వైరాగ్యమార్గమునకు మరలించెను.

విదురుడు యాత్రావిశేషములు చెప్పుట మానలేదు. అడిగినవారికి ప్రీతితో చెప్పెను. కాని ఏ మాట ఎదుటివారి మనస్సును నొప్పించునో తెలిసికొని మసలెను. తన అవసరము ఎవరికి మిక్కిలిగా నున్నదో వారియొద్ద నిలిచెను. ఆయన మునిగిన తీర్థములన్నియు చివరకు అన్నగారి మందిరమున ఒక్క మంచిమాటగా ఫలించినవి. మన యాత్రలకును ఇదియే కొలబద్ద. తిరుమలనుండి వచ్చిన వారము దినములకు ఇంటిలోని ముసలివారితో మన మాట ఎట్లున్నది? పనిమనిషిపై విసుగు తగ్గినదా? పొలము తగాదాలో మాటలు మానిన తమ్ముని గడప ఒకసారి తొక్కితిమా? సంవత్సరాంతమున ఈ ప్రశ్నలు వేసికొన్నచో, ఎన్ని క్షేత్రములన్న సంఖ్య దానంతట అదే వెనుకకు పోవును.

ఇక యాత్ర చేయలేనివారి మాట యేమి? ఈ సందర్భమున ఆళ్వారుల చరిత్రలు గొప్ప ఊరట కలిగించును. తిరుమంగై ఆళ్వారు క్షేత్రసంచారమునకు పేరుపొందినవారు. బదరి, నైమిశారణ్యము, అహోబిలము, తిరుమల మొదలుకొని ఎనుబదికి పైగా దివ్యదేశములను పాడిరి. నమ్మాళ్వారు తామ్రపర్ణీతీరమందలి కురుగూరిలో చింతచెట్టు క్రిందనే యుండి, అచ్చటినుండి కదలలేదని గురుపరంపర చెప్పుచున్నది. దివ్యదేశముల స్వామియే ఆయన మనోనేత్రమునకు సాక్షాత్కరించి పాడించుకొనెనని పెద్దల విశ్వాసము. వేయిన్ని నూటరెండు పాశురముల తిరువాయ్‌మొழి ఆ చెట్టు నీడనే వెలువడినది. ఉత్తరదేశయాత్రలోనుండిన మధురకవి దక్షిణమున ఒక వెలుగును గాంచి, దానివెంట నడచి నడచి వచ్చి, కదలక కూర్చున్న ఆ బాలయోగి పాదములచెంత ఆగిరి. తిరిగినవారిని, తిరుగనివారిని సంప్రదాయము ఒకే వరుసలో నిలిపి పూజించుచున్నది. మఱియొక విశేషము కలదు. నూటయెనిమిది దివ్యదేశములలో భూమిపై నున్నవి నూటఆరు. క్షీరసాగరము, పరమపదము అను రెండును ఈ శరీరముతో చేరదగినవి కావు. ఎంత సంపన్నుడైనను, ఎంత ఓపిక గలవాడైనను కాళ్లతో ఆ సంఖ్యను పూర్తిచేయజాలడు.

మాకు తెలిసిన గృహస్థు ఒకరు గోదావరి తీరవాసి. ప్రతి ఉగాదికిని గడచిన యేటి యాత్రలను, శుభకార్యములను ఒక నోటుపుస్తకమున వ్రాసికొను అలవాటు ఆయనకు కలదు. 2024–25 క్రోధి నామ సంవత్సరము. ఆయన పుట్టినదియు 1964–65 నాటి క్రోధియందే. అరువదేండ్ల చక్రము తిరిగి అదే పేరుగల యేడు వచ్చినది. వైశాఖమున మనుమని పుట్టువెంట్రుకలు తిరుమలలో తీయించిరి. కార్తికమున ద్వారకా తిరుమలలో షష్టిపూర్తి, వైకుంఠ ఏకాదశికి శ్రీరంగము అని నిశ్చయించుకొనిరి. శ్రావణమున ఆయన తల్లికి పక్షవాతము వచ్చి కుడిచేయి, కుడికాలు పడిపోయినవి. ప్రయాణములన్నియు ఆగినవి. షష్టిపూర్తి ఇంటనే, ఆమె మంచము ప్రక్కన, పదిమంది బంధువుల నడుమ జరిగినది. ఆ తల్లి ఎడమచేతితోనే కుమారుని తలపై, కోడలి తలపై అక్షతలు వేసినది. మాఘమున పరమపదించినది. తల్లిదండ్రులు గతించినప్పుడు సంవత్సరీకము పూర్తియగువరకు కొండమీది క్షేత్రములకు పోకుండుట అనేక గృహములలో ఆచారము. ఇంటింటికి ఈ నియమము కొంత భేదించును. వారింట అది కలదు. కనుక మరుసటి యేటి యాత్రలును నిలిచిపోయినవి.

2025 మార్చి 30న, విశ్వావసు ఉగాదినాడు, ఆయన పుస్తకము తెరచి, వైశాఖము క్రింద తిరుమల యని వ్రాసి, కలము నిలిపెను. ఆ క్రింద పుటయంతయు ఖాళీగా కనబడెను. భార్య చూచి, "ఏమండీ, శ్రావణము నుంచి మాఘము దాకా అలా వదిలేశారేమండీ? అత్తయ్యగారి మంచం దగ్గర ఉన్నాం కదా, అదే వ్రాయండి" అనెను. ఆయన అట్లే వ్రాసెను.

ఆ ఆరు మాసములు ఆమె చేసినదేమి? రెండు గంటలకొకసారి అత్తగారిని ఒత్తిగిలజేయుట, జావ త్రాగించుట, దుప్పట్లు మార్చుట, సాయంకాలము విష్ణుసహస్రనామము వినబడునట్లు చదువుట. శ్రీరంగమున ఉత్తరద్వారము తెరచిన ఆ ఏకాదశి తెల్లవారుజామున ఆమె ఆ మంచము ప్రక్కనే మేలుకొనియున్నది. తల్లిదండ్రుల సేవలోనుండి లేవక, ఇటుకను విసరి దానిపై నిలువుమన్న పుండరీకుని కొఱకు స్వామి పండరిపురమున నేటికిని నిలిచియున్నాడని నమ్ము మనము, ఆ ఆరు మాసములను యాత్ర కాదని ఎట్లనగలము?

అయితే ఇచ్చట ఒక జాగ్రత్త అవసరము. కొన్ని యిండ్లలో ప్రతి యాత్రకును ఇంట నిలుచునది ఒక్కరే. మంచమునబడిన పెద్దలు, పాడి, పిల్లల పరీక్షలు అన్నియు ఆమెమీదనే విడిచి, మిగిలినవారు కారెక్కుదురు. తిరిగి వచ్చి ప్రసాదము చేతిలో పెట్టి, "ఇంటనుండి చేసిన సేవ మాకన్న గొప్పది" అని పొగడుదురు. ఆ పొగడ్త నిజమే కావచ్చును. కాని ఆ నిజమును అడ్డుపెట్టుకొని ఆమెను ఏటేట ఇంటనే యుంచుట ధర్మము కాదు. సేవ గొప్పదైనచో అందఱును వంతులు వేసికొని చేయవలెను. ఈయేడు ఎవరు నిలిచిరో, వచ్చు యేడు మొదట వారు బయలుదేరవలెను. సంవత్సరాంతపు లెక్కలో ఈ యొక్క పంక్తి తప్పక ఉండవలసినది.

భగవద్రామానుజులవారు గీతాభాష్యమున పదునెనిమిదవ అధ్యాయమునందు త్యాగము మూడువిధములుగా వివరించిరి. ఫలమును విడుచుట, కర్మ నాదియను మమతను విడుచుట, చేసినవాడను నేనను కర్తృత్వమును విడుచుట. శ్రీవైష్ణవులు కర్మారంభమున సాత్త్విక త్యాగమును అనుసంధించుట అందఱెఱిగినదే. ఆరంభమున చేయు ఈ భావనను గడచిన యేటికిని అన్వయించుకొనవచ్చును. ఈ యాత్రలవలన నాకేదో రావలెనను ఆశ ఫలమునకు సంబంధించినది. ఇవి మా కుటుంబమునకు మాత్రమే చెందిన ఘనత యనుకొనుట మమత. నా ధనముతో, నా పూనికతో జరిగినదనుకొనుట కర్తృత్వము. బస్సు నడపిన డ్రైవరు, సత్రములో గది తుడిచినవారు, వరుసలో పాలు అందించిన సేవకులు, సెలవు ఇచ్చిన పై అధికారి, ఇంట దీపము పెట్టిన పొరుగింటివారు – వీరందఱిని జ్ఞాపకము చేసికొన్నచో "నేను చేసితిని" అను మాట నోట రాదు.

అన్నియు విడిచినచో జ్ఞాపకములందలి మాధుర్యము పోవునేమో యని కొందఱు శంకింతురు. పోదు. స్మరణము నవవిధభక్తులలో ఒకటి. లెక్కించువానికి సంఖ్య మిగులును. స్మరించువానికి స్వామి మిగులును. తిరుమల యాత్రనుండి వచ్చినవారి ఫోనులలో కొండదారి యుండును, గుండు చేయించుకొని ఏడ్చుచున్న పిల్లవాడుండును, మాడవీథిలో నిలిచిన కుటుంబమంతయు నుండును. ఆలయములోనికి ఫోనులను అనుమతింపరు గనుక గర్భాలయమున కొన్ని క్షణములు కన్న ఆ దివ్యమంగళ విగ్రహము మాత్రము అందుండదు. యాత్రలోని సారమంతయు ఆ చిత్రములకు అందక, కన్నులు మూసికొన్నప్పుడు మాత్రమే దొరకును. శ్రీరంగమునకు పోలేక మంచము ప్రక్కన మేలుకొన్నవారికిని అది అట్లే దొరకును.

కావున గృహస్థులు ఉగాదికి ముందురోజు సాయంకాలము, దీపము పెట్టిన పిదప, పిల్లలతో కూడ కూర్చుండి గడచిన యేటిని ఒకసారి తలచుకొందురు గాక. చూచిన క్షేత్రములను చెప్పుకొనవచ్చును. మన యాత్రకై ఇంట నిలిచినవారి పేరును పిల్లల యెదుట చెప్పవలెను. గతించినవారిని తలచుకొని, వారికి చేసిన సేవను ఆ యేటి పుటలో వ్రాయవలెను. ఇంకను పలుకరింపని బంధువెవరైన నున్నచో వచ్చు యేటి మొదటి ప్రయాణము వారింటికే కావలెను. ఆ పిదప పుస్తకమును స్వామి పాదములచెంత నుంచి నమస్కరింపవలెను. నడిచినవారిని, నిలిచినవారిని సమముగా కటాక్షించు శ్రీనివాసుడు అందఱిని అనుగ్రహించుగాక.