పీకినట్టా, విత్తినట్టా?

నిరుడు జూలై చివర్లో నేనొక కాగితం మీద సంతకం పెట్టాను. మంచి పని చేస్తున్నాననుకునే పెట్టాను. ఆ మంచితనం గురించే ఈ వ్యాసం.

దిల్‌సుఖ్‌నగర్ నుంచి సరూర్‌నగర్ చెరువు వైపు దిగే పల్లంలో మా కాలనీ ఉంది. 2020 అక్టోబరు వరదల్లో వారం రోజులు నీళ్ళలో నానిన కాలనీల్లో మాదీ ఒకటి. మా పార్కు ఎకరం కూడా ఉండదు. సగం చదును చేసి వాకింగ్ ట్రాక్ వేశారు. మిగతా సగం ఎవరూ పట్టించుకోక అలాగే ఉండిపోయింది. రెండు వేపచెట్లు, ఒక కానుగ, తంగేడు పొదలు, వానాకాలం నడుములోతు గడ్డి. ఏడాదికోసారి ఆ సగాన్ని బాగుచేయడానికి ఎల్.బి.నగర్ అడ్డా మీద నుంచి నలుగురు ఆడవాళ్ళను పిలుస్తారు. పది పన్నెండు రోజుల పని. వాళ్ళు ముఖ్యంగా పీకేది వయ్యారిభామని.

ఆ మొక్కను ముట్టుకున్నవాళ్ళకి తెలుసు. అందులో ఉండే పార్థెనిన్ చర్మాన్ని కాలుస్తుంది, పుప్పొడి ఆయాసం తెస్తుంది. ఒకామె చేతులు మోచేతుల దాకా పగిలి, నల్లబడి ఉండటం నేను చూశాను. అందుకే కమిటీలో ఒకాయన, “ఇక కూలీలెందుకు, మందు కొట్టిద్దాం. పాపం వాళ్ళకీ దురద బాధ తప్పుతుంది” అన్నప్పుడు అందరికంటే ముందు తలూపింది నేనే. గ్లైఫోసేట్‌ను పెస్ట్ కంట్రోల్ ఆపరేటర్లు తప్ప ఇతరులు వాడకూడదని 2022 అక్టోబరులో కేంద్రం నోటిఫికేషన్ ఇచ్చింది కాబట్టి, లైసెన్సు ఉన్న మనిషినే పిలుద్దామన్నారు. అదే మందును 2015లో ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ మనుషుల్లో బహుశా క్యాన్సర్ కలిగించేవాటి జాబితాలో చేర్చింది. ఆ చర్చ పక్కన పెడతాను. మందు పూర్తిగా నిరపాయకరమే అనుకుందాం. అప్పుడు కూడా నా ప్రశ్న మిగిలే ఉంటుంది.

మర్నాడు అడ్డా దగ్గర ఆమె కనిపిస్తే సంతోషంగా చెప్పాను. “ఈసారి మీకా దురద పని లేదక్కా.”

ఆమె నా మొహంలోకి చూసింది. “దురద పోతది మేడమ్. కూలి గూడ పోతది గద” అంది. కోపంగా కూడా అనలేదు.

తన అన్నం ముడిపడి లేని పనిని, ఎదుటివాళ్ళ మీద జాలితో ఆపించే హక్కు ఒక మనిషికి ఉందా? ఇదీ నా ప్రశ్న. జవాబు అంత తేలికగా దొరకలేదు.

“కూలి కోసం హాని భరించాల్సిందేనా?” అని నాలోని లెక్చరర్ వాదించింది. పాకీ పనిని నిషేధిస్తూ 1993లో, 2013లో చట్టాలు తెచ్చుకున్నాం. ఆ పని పోతే వాళ్ళ జీతం పోతుంది కాబట్టి కొనసాగిద్దాం అని ఎవరైనా అంటే చెంప పగలగొట్టమా? నిజమే. కానీ అక్కడ హాని ఆ పని అర్థంలోనే ఉంది. కులం నెత్తిన పెట్టిన అవమానం అది. గ్లవ్స్ ఇచ్చి దాన్ని బాగుచేయలేం. అయినా 2013 చట్టం పని ఆపి ఊరుకోలేదు, పునరావాసం తన పేరులోనే పెట్టుకుంది. ఆపేవాళ్ళ మీద ఆ తర్వాతి బతుకు బాధ్యత కూడా ఉంటుందని చెప్పింది. మా పార్కులో హాని కలుపు తీయడంలో లేదు. ఎప్పుడు తీయిస్తున్నాం, ఏమిచ్చి తీయిస్తున్నాం అన్న దాంట్లో ఉంది. ఆ రెండూ మా చేతుల్లోనే ఉన్నాయి. మేం వాటిని వదిలేసి, పనినే తీసేశాం. మా జాలికి అది చవకైన దారి.

జోన్ ట్రోంటో 1993లో రాసిన ‘మోరల్ బౌండరీస్’ని నేను క్లాసులో చాలాసార్లు చెప్పాను. సంరక్షణకి నాలుగు దశలుంటాయంటుంది. పట్టించుకోవడం, బాధ్యత తీసుకోవడం, చేతులతో చేయడం, ఆ సంరక్షణని అందుకున్నవాళ్ళ స్పందన. మొదటి రెండూ అధికారం ఉన్నవాళ్ళకి గౌరవాన్నిస్తాయి, మూడోది లేనివాళ్ళ నెత్తిన పడుతుంది. మా పార్కులో నేను ‘పట్టించుకున్నాను’, కమిటీ ‘బాధ్యత తీసుకుంది’, ఆడకూలీలు ‘చేశారు’. ఇన్నేళ్ళుగా పాఠం చెబుతూ, నేను ఏ దశలో నిలబడి ఉన్నానో చూసుకోలేదు.

ఇంకొకటి కూడా చూసుకోలేదు. కలుపు తీయడం ఆడవాళ్ళ పని. వీపున పంపు తగిలించుకుని మందు కొట్టడం మగవాళ్ళ పని. పొలాల్లో కలుపుమందు వచ్చినప్పుడు ముందుగా పోయింది ఆడవాళ్ళ కూలే. మేం నగరంలో దాన్నే చిన్న ఎత్తున మళ్ళీ చేశాం, పర్యావరణం పేరు మీద కూడా కాదు, ఆడవాళ్ళ మీద దయ పేరు మీద.

ఈ మొక్క పేరు కూడా నన్ను వదలదు. ఎవరూ నాటకుండా వచ్చి, అందంగా ఊగి, అందరినీ పాడుచేసేదానికి మన భాష వెతికిన పేరు వయ్యారిభామ. శాస్త్రీయ నామం పార్థీనియం హిస్టరోఫోరస్. గ్రీకులో పార్థెనోస్ అంటే కన్య, హిస్టెరా అంటే గర్భాశయం. కన్య, గర్భం, వయ్యారి... ఒక్క కలుపుమొక్కని ద్వేషించడానికి ఇంతమంది ఆడవాళ్ళు కావలసొచ్చారు! దాన్ని పీకేవాళ్ళూ ఆడవాళ్ళే.

అలాగని ఆడవాళ్ళు ప్రకృతికి సహజంగా దగ్గర అనే మాట నేననను. వందనా శివ 1988లో చేసిన ఆ తరహా వాదనకి 1992లో బీనా అగర్వాల్ ఇచ్చిన జవాబు నాకు సరైనదనిపిస్తుంది. ప్రకృతితో సంబంధం ఆడతనం నుంచి రాదు. ఎవరు ఏ పని చేస్తారు, ఎవరికి దేని మీద హక్కుంది అన్న దాన్నుంచి వస్తుంది. అడ్డా మీది ఆమెకి తెలిసింది కూడా అలాంటిదే. “పూత రాకముందు పిలిస్తె ఇంత దురద ఉండదమ్మా. మీరే ఆలస్యం జేస్తరు. గింజ రాలినంక పీకితె పీకినట్టా, ఇత్తినట్టా?” అంది. ఒక్కో మొక్క వేలకొద్దీ గింజలు రాలుస్తుంది. మేం ఏటా శ్రావణం దాటాక, పూత తెల్లగా కనిపించి వాకర్లు ఫిర్యాదు చేశాకే వాళ్ళని పిలుస్తున్నాం. అంటే వాళ్ళ చేతులు పగిలింది మా తాత్సారం వల్ల. వచ్చే ఏటి కలుపుని నాటిందీ మేమే.

వాళ్ళు పని చేస్తుంటే ఎప్పుడైనా దగ్గర కూర్చుని చూడండి. అన్నీ పీకరు. గంగవాయిలి, తుమ్మికూర కొంగులో వేసుకుంటారు. గునుగుని ఒక పక్కన వదిలేస్తారు. చేలో అది కలుపే, కానీ బతుకమ్మకి అదే కావాలి. మనం దిల్‌సుఖ్‌నగర్ రోడ్డు మీద బేరమాడి కట్టలు కొనుక్కొచ్చే గునుగు, మన పార్కులో వాళ్ళు ఉంచినందుకు మిగిలి ఉంటుంది. మందుకి ఈ తేడా తెలియదు. ఏది కలుపు అన్నది మొక్కలో లేదు, చూసే కంట్లో ఉంది. అలా చూడగలగడమే నైపుణ్యం. దానికి మేం పెట్టిన పేరు ‘అన్‌స్కిల్డ్’.

ఎల్.బి.నగర్ దాటాక విజయవాడ రోడ్డు పక్కన మహావీర్ హరిణ వనస్థలి ఉంది. 3,605 ఎకరాలు. ఒకప్పుడు నిజాం వేటస్థలం. మహావీరుడి 2500వ నిర్వాణ సందర్భంగా 1975లో ఆ పేరు పెట్టారు. అక్కడి కృష్ణజింకలకి కావలసింది దట్టమైన అడవి కాదు, పచ్చిక బయలు. అలాంటి బయలుకి సంరక్షణ అంటే నాటడం కన్నా ఎక్కువగా తీయడం. పొదలు కమ్ముకోకుండా కొట్టడం, ఎండాకాలానికి ముందే ఎండుగడ్డి కోసి మంట దాటకుండా బాటలు తీయడం, వేసవిలో తొట్లలో నీళ్ళు నింపడం. ఈ పని బాగా జరిగితే కనిపించేది ఏమీ ఉండదు. మంట రాలేదు, జింక చావలేదు, అంతే. 2015లో హరితహారం మొదలైనప్పుడు 230 కోట్ల మొక్కలన్నారు. నాటిన మొక్కకి అంకె ఉంటుంది, ఫొటో ఉంటుంది. రాని మంటకి అంకె ఎక్కడిది? వంట చేసి గిన్నెలు తోమిపెట్టాక మిగిలే ఖాళీ వంటగది లాంటిదే ఇదీ. మనకి బాగా తెలిసిన చాకిరీ. తెలిసి కూడా, బయట ఇంకో ఆడమనిషి చేస్తుంటే నేను గుర్తుపట్టలేదు.

నా సంతకం వెనక్కి తీసుకుంటానన్నాను. “సెంటిమెంట్ పెట్టుకుంటే పార్కు నడవదు మేడమ్” అన్నారు. చివరికి ఈ ఏడాదికి మందు ఆపి, జూన్ ఆఖర్లో ఒకసారి, ఆగస్టులో ఇంకోసారి పిలవడానికి ఒప్పుకున్నారు. మొత్తం పద్దెనిమిది రోజుల పని. గ్లవ్స్ కొన్నాం. తడిలో జారిపోతున్నాయని రెండో రోజుకే తీసి పక్కన పెట్టారు. పాత ఫుల్ చేతుల చొక్కాలు, అరచేతికి గుడ్డ చుట్టలు కావాలన్నారు. అవి ముందే అడిగి ఉండాల్సింది. జూన్‌లో వేళ్ళతో సహా సులువుగా వచ్చాయి. చేతులు పగల్లేదని చెప్పను, నిరుటికంటే తక్కువ.

వచ్చే మీటింగులో మందు మాట మళ్ళీ వస్తుంది. ఆమెని కూడా పిలుద్దామని అడిగాను. “రోజుకూలీని మీటింగుకా?” అని నవ్వారు. ఆమెతో అంటే ఆమె కూడా నవ్వింది. “ఆ పూట కూలి ఎవలిస్తరు?” అంది.

ఆ పూట కూలి కమిటీ ఖాతాలోంచి ఇవ్వాలని ఇప్పుడు ఇంకో కాగితం రాశాను. సంతకాలకి తిరుగుతున్నాను. ఇప్పటికి మూడు వచ్చాయి.