కుక్క గుర్తుపట్టిన మనిషి

మనిషి అంటే ఎవరు అన్న ప్రశ్నకు ఐరోపా తత్వశాస్త్రం చాలాకాలం ఒకే జవాబు చెప్పుకుంది: బుద్ధి గల జంతువు. అరిస్టాటిల్ కాలం నుంచి నలుగుతున్న జవాబు ఇది. వినడానికి అందులో దోషమేమీ కనిపించదు. కాని నిర్వచనం ఇవ్వడమంటే గీత గీయడమే. గీతకు ఇవతల ఎవరుండాలి, అవతల ఎవరుండాలి అని తేల్చే అధికారం ఎవరిది? కొందరు పుట్టుకతోనే బానిసలని చెప్పినవాడూ ఆ అరిస్టాటిలే. గీతకు అవతల తరతరాలు బతికిన మనకు ఈ సంగతి విడమరచి చెప్పనక్కర్లేదు.

ఆధునిక కాలంలో ఈ పాత నిర్వచనాన్ని గట్టిగా కదిలించినవాడు జర్మన్ తత్వవేత్త మార్టిన్ హైడెగ్గర్. 1927లో వచ్చిన 'బీయింగ్ అండ్ టైమ్' గ్రంథంలో ఆయన మనిషిని కొన్ని గుణాల మూటగా చూడటం పొరపాటన్నాడు. రాయికీ చెట్టుకీ తమ ఉనికి ఒక సమస్య కాదు. మనిషికి తన ఉనికే ప్రశ్న. చావు తప్పదని తెలిసి, లోకంలో పదిమందితో కలిసి, ఎప్పటికీ పూర్తికాని పనిలా బతికేవాడు మనిషి. అనిత్యం, అనాత్మ అన్న మాటలతో పరిచయం ఉన్నవాళ్లకు ఇదంతా ఎక్కడో విన్నట్టే ఉంటుంది. అయితే ఈ పెద్దమనిషి 1933లో ఫ్రైబర్గ్ విశ్వవిద్యాలయానికి రెక్టర్ అయ్యాడు. ఆ ఏడాది మే నెలలోనే నాజీ పార్టీలో చేరాడు. ఉనికి గురించి అంత లోతుగా తవ్వినవాడికి తన ఊళ్లోని యూదుల ఉనికి మాత్రం ప్రశ్న కాలేదు. తత్వం వేరు, వ్యక్తి వేరు అని ఆయన అభిమానులు సర్దిచెబుతారు. నాకది మింగుడుపడదు.

ఫ్రాన్స్‌లో సార్త్ర ఇంకో అడుగు ముందుకు వేశాడు. 1945 అక్టోబర్‌లో పారిస్‌లో చేసిన ఉపన్యాసంలో ఆయన చెప్పిందాని సారాంశం ఇది: కత్తిని తయారుచేసేవాడికి అది దేనికి పనికొస్తుందో ముందే తెలుసు, మనిషిని అలా ముందే రాసిపెట్టినవాడు ఎవడూ లేడు, తన చేతలతో తానే తయారవుతాడు. వాసెట్ఠ సుత్తంలో బుద్ధుడు గడ్డికీ పురుగుకీ పక్షికీ జాతి గుర్తులు ఉన్నాయి గాని మనుషుల మధ్య పుట్టుక పెట్టిన గుర్తు ఏదీ లేదన్నాడు. ఆ దారికి సార్త్ర దగ్గరగానే వచ్చాడనిపిస్తుంది. కాని సంకెళ్లలో ఉన్న బానిస కూడా యజమాని అంత స్వేచ్ఛాజీవే అని వాదించినవాడూ ఆయనే. అది సంకెళ్లు చూడనివాడి మాట. తర్వాతి కాలంలో తానే ఆ మాట నుంచి వెనక్కి తగ్గాడు.

అసలు పాఠం చెప్పింది మాత్రం హైడెగ్గర్ దగ్గరే చదువుకున్న ఇద్దరు యూదులని నా అభిప్రాయం. ఇద్దరూ 1906లోనే పుట్టారు. ఒకరు హన్నా అరెంట్, ఇంకొకరు ఇమాన్యుయేల్ లెవినాస్.

అరెంట్ 1933లో జర్మనీ వదిలి పారిపోయింది. 1937లో ఆమె పౌరసత్వం పోయింది. 1951లో అమెరికా పౌరురాలయ్యేదాకా ఆమె ఏ దేశానికీ చెందని మనిషి. ఆ ఏడాదే వచ్చిన 'ది ఆరిజిన్స్ ఆఫ్ టొటాలిటేరియనిజం'లో ఆమె ఒక చేదు నిజం చెప్పింది. మనిషిగా పుట్టినందుకే హక్కులుంటాయని ప్రకటనలు చాలా ఉన్నాయి. కాని దేశం, ఉద్యోగం, కాగితం అన్నీ పోయి, కేవలం మనిషిగా మాత్రమే మిగిలినవాడిని ఏ ప్రకటనా కాపాడలేదు. హక్కులు కలిగి ఉండే హక్కు ఒకటి ముందు కావాలి. లా చదివినవాళ్లకు ఈ మాట ఇంకా బాగా గుచ్చుకుంటుంది. చట్టం దృష్టిలో కంపెనీ ఒక వ్యక్తి. మన కోర్టుల్లో గుడిలోని విగ్రహం కూడా వ్యక్తే, దాని పేరున దావా వేయవచ్చు. రాతికి వ్యక్తిత్వం ఇవ్వగల చట్టం, 1941 నవంబర్‌లో ఒక్క ఉత్తర్వుతో, దేశం బయట ఉన్న జర్మన్ యూదులందరి పౌరసత్వాన్నీ ఊడబెరికింది. రైలెక్కించి సరిహద్దు దాటించిన వాళ్లకూ అదే వర్తించింది. చంపడానికి ముందు చట్టం నుంచి బయటికి తోయడం వాళ్ల పద్ధతి.

మరి చట్టం ఉంటే చాలా? చాలదని చెప్పే సాక్ష్యం మన దగ్గరే ఉంది. హైడెగ్గర్ గ్రంథం వెలువడిన 1927లోనే, మార్చి 20న, బాబాసాహెబ్ మహద్‌లో చౌదార్ చెరువు నీళ్లు తాగారు. ఆ చెరువు అందరిదీ అని మునిసిపాలిటీ 1924లోనే తీర్మానించింది. కాగితం ఉంది. అయినా పశువులు తాగే నీళ్లు అంటరానివాళ్లకు అందలేదు. తాగి వస్తున్నవాళ్ల మీద దాడి చేశారు, ఆ తర్వాత చెరువును 'శుద్ధి' చేశారు. నీళ్ల కోసం కాదు, మేమూ మనుషులమేనని స్థాపించడానికి వచ్చామని అంబేడ్కర్ ఆ పోరాటానికి అర్థం చెప్పారు. నా లెక్కలో మనిషి అంటే ఎవరన్న చర్చలో ఆ దోసెడు నీళ్లకూ ఆ జర్మన్ గ్రంథానికున్నంత చోటుంది.

కాగితం ఉన్నా ఎదుటివాడి కన్ను ఒప్పుకోకపోతే ఏమవుతుందన్నదే లెవినాస్ ప్రశ్న. ఫ్రెంచి సైన్యంలో పనిచేస్తూ 1940లో పట్టుబడి, హానోవర్ దగ్గరి యుద్ధఖైదీల శిబిరంలో అడవి పనికి పంపిన యూదు ఖైదీల్లో ఆయన ఒకడు. ఫ్రెంచి యూనిఫాం, అంటే ఒక రకంగా చట్టమే, వాళ్ల ప్రాణాలను కాపాడింది. కాని దారిన పోయే ఆడవాళ్లు, పిల్లలు ఒక్కోసారి తలెత్తి చూసే చూపు మాత్రం వాళ్ల ఒంటి మీది మనిషి చర్మాన్ని ఒలిచేసేదని ఆయన తర్వాత రాశాడు. ఆ రోజుల్లో ఎక్కడి నుంచో ఒక వీధికుక్క శిబిరానికి చేరింది. ఖైదీలు దానికి బాబీ అని పేరు పెట్టుకున్నారు. పొద్దున్న వరసలో నిలబడినప్పుడు, సాయంత్రం పని నుంచి తిరిగొచ్చినప్పుడు అది ఎగిరి గంతులేస్తూ ఎదురొచ్చేది. ఆ కుక్కకు వీళ్లు మనుషులు కాదన్న అనుమానమే రాలేదు.

లెవినాస్ తత్వమంతా ఇక్కడే అర్థమవుతుంది. ఎదుటి ముఖం నన్ను పిలుస్తుంది, చంపవద్దంటుంది. పలుకుతానా లేదా అన్నదాంట్లో నా మనిషితనం తేలుతుంది. దీన్ని తిరగేసి చదివితే ప్రమాదం: ఇతరులు గుర్తిస్తేనే నేను మనిషినని అర్థం వస్తుంది. అది కాదు. ఆ శిబిరం దారిలో పరీక్షకు నిలబడింది ఖైదీల మనిషితనం కాదు, చూసీ చూడనట్టు పోయినవాళ్లది. మహద్‌లోనూ అంతే.

ఒక విషయంలో లెవినాస్‌తో నేను పేచీ పడతాను. అంత చేసిన బాబీకి సొంతంగా ముఖం ఉందని ఒప్పుకోవడానికి ఆయన తటపటాయించాడు. పాముకు ముఖం ఉందో లేదో చెప్పలేనని తర్వాత ఒక ఇంటర్వ్యూలో అన్నాడు. మైత్రి భావనలో పాముకూ చోటు ఇచ్చిన సంప్రదాయంలో ఉన్నవాళ్లకు ఇది కొత్త గీతలాగే కనిపిస్తుంది. బాబీ ఆ శిబిరంలో ఉన్నది కొన్ని వారాలే. తర్వాత కాపలావాళ్లు దాన్ని తరిమేశారు.