సంచిలోని రెండు తూనికె రాళ్లు



మదనపల్లె మార్కెట్టుకు టమోటాలు తోలెడి రైతులకు కాటా మోసమెట్టిదో నేను చెప్పనక్కరలేదు. ఇప్పుడు కరెంటు కాటాలు వచ్చినవి గాని, మన తండ్రుల దినములలో తక్కెడయు రాళ్లే. కొనునప్పుడు ఒక రాయి, అమ్మునప్పుడు వేరొక రాయి సంచిలో ఉంచుకొను షావుకారును ఊరంతయు ఎరుగును. ద్వితీయోపదేశకాండము 25:13లో దేవుడు నిషేధించినది ఇట్టి సంచినే. సామెతలు 20వ అధ్యాయములో ఆ సంగతి రెండు మారులు వచ్చును. ధాన్యము విషయములోనే ఇంత ఖండితముగా మాటలాడిన దేవుడు, మనుష్యుల రక్తమును మనము తూచు రాళ్లను చూడకుండునా?

2023 ఆగస్టు 4వ తేదీని మన ప్రాంతమువారు మరువలేదు. అప్పటి ప్రతిపక్ష నాయకుడు చంద్రబాబునాయుడుగారు ప్రాజెక్టులు చూచుటకు బయలుదేరి మదనపల్లె దగ్గరి అంగళ్లుకు వచ్చినప్పుడు, రెండు పార్టీలవారి మధ్య రాళ్లు లేచినవి. ఆ దినమే పుంగనూరు బైపాసు దగ్గర తెలుగుదేశము కార్యకర్తలకును పోలీసులకును ఘర్షణ జరిగెను. పోలీసు వాహనములు కాలినవి. పలువురు పోలీసులు గాయపడిరి. ఒక కానిస్టేబులుకు కంటిచూపు పోయినదని పత్రికలు వ్రాసినవి. అనేకులు కేసులలో చిక్కి జైలుకు పోయిరి. ప్రభుత్వము మారినది. 2024 జూలై 18న ఎంపీ మిథున్‌రెడ్డిగారు మాజీ ఎంపీ రెడ్డెప్పగారి ఇంటికి వచ్చినప్పుడు, అదే పుంగనూరులో మరల రాళ్లు, మరల మంటలు. 2022 ఆగస్టులో కుప్పములో అన్న క్యాంటీను దగ్గర జరిగిన గలాటాయు ఈ వరుసలోనిదే.

ముందు రాయి వేసినదెవరో కోర్టులు తేల్చవలెను. నేను విన్నది చెప్పెదను. అంగళ్లులో పడిన రాయి దౌర్జన్యమనియు, పుంగనూరులో పడిన రాయి ప్రజాగ్రహమనియు ఒకే నోట, ఒకే టీ అంగడిలో వింటిని. ఎదుటి పక్షమువారి నోట అవే మాటలు తారుమారుగా వింటిని. ఇరువురును మన సంఘస్థులే.

పార్టీ కొరకు గాక, సిద్ధాంతము కొరకు ఆయుధము పట్టువారి సంగతి వేరని కొందరందురు. 2003 అక్టోబరు 1న అలిపిరిలో పీపుల్స్ వార్ వారు మందుపాతరలు పేల్చినప్పుడు, అదియు బీదల పక్షముననే అనిరి. బీదల ఆకలి నిజము, కూలి ఎగవేత నిజము. నేను దానిని తేలిక చేయను. కారణములన్నియు ఒకటే బరువని చెప్పువాడు బీదవాని ఇల్లు చూడనివాడు. కారణములను వేరువేరుగా తూచవచ్చును, తూచవలెను కూడ. అయితే కారణమును తూచిన రాయితోనే గాయమును తూచుటలో మోసమున్నది.

జర్మనీ దేశపు బోన్హోఫర్ పాదిరి హిట్లరును తొలగించు కుట్రలో చేరి, 1945 ఏప్రిల్ 9న ఉరితీయబడెను. సెమినరీలో మేము అతనినిగూర్చి రాత్రులు వాదించుకొంటిమి. నేను నేటికిని తేల్చుకొనలేదు. అయితే అతడు తన చేతులు శుభ్రమని చెప్పుకొనలేదు. ఆ అపరాధ భారమును దేవుని కనికరమునకు అప్పగించెను. మన టీ అంగడిలో అట్టి వణకు నాకు కనబడలేదు.

ఇతరులను అనుటకు ముందు నా సంచి విప్పవలెను. 2008 ఆగస్టు 23న ఒడిశాలోని కంధమాల్‌లో స్వామి లక్ష్మణానంద సరస్వతిగారిని, ఆయనతోకూడ నలుగురిని చంపిరి. తామే చంపితిమని మావోయిస్టులు ప్రకటించిరి. అయినను కోపము క్రైస్తవులమీద పడెను. వేలకొలది ఇండ్లు కాలెను, అనేకులు హతులైరి, ప్రజలు అడవులకు పారిపోయిరి. మేము ఉపవాసముండి, ఆ క్రైస్తవుల కొరకు కన్నీటితో ప్రార్థించితిమి. అది సరియే. ముందుగా చంపబడిన ఆ అయిదుగురి కొరకు, వారి వారి కొరకు, ఒక్క మాటయైనను మా నోట రాలేదు. రాలేదని తెలియుటకే నాకు సంవత్సరములు పట్టెను.

ప్రభువు పండ్రెండుమందిని ఏర్పరచుకొన్నప్పుడు సుంకము వసూలు చేసిన మత్తయిని, జెలోతే అనబడిన సీమోనును ఒకే బల్లయొద్ద కూర్చుండబెట్టెను. సీమోను రోమా అధికారమును ద్వేషించిన పక్షమువాడని ఆ పేరునుబట్టి అనేకులు తలంచుదురు. మొదటి రాత్రి వారిద్దరు భోజనము ఎట్లు చేసిరోయని నేను అనేకమారులు అనుకొందును. తోటలో పేతురు మల్కు చెవి నరికినప్పుడు (యోహాను 18:10) ప్రభువు పేతురును గద్దించి ఊరకుండలేదు. తన్ను పట్టుకొనవచ్చినవాని చెవిని ముట్టి బాగుచేసెను (లూకా 22:51).

2023లో ఆ గలాటా జరిగిన వారము మా సంఘములో ఒక తల్లి వచ్చి, జైలుకు పోయిన కుమారుని కొరకు ప్రార్థించుమనెను. ఆదివారము వాని పేరు చెప్పి ప్రార్థించితిని. ఆరాధన ముగిసిన తరువాత ఒక వృద్ధుడు నన్ను వాకిట నిలిపెను. అతని అన్న మనుమడు పోలీసు. తలపై కుట్లు పడి ఆసుపత్రిలో నుండెను. ఆ సంగతి నాకు తెలియును. ‘అయ్యగారూ, మావాని దెబ్బ తేలికా?’ అనెను. నాకు జవాబు తోచలేదు.

తరువాతి ఆదివారము ఇద్దరి పేర్లును ఒకే ప్రార్థనలో చెప్పితిని. నేను కన్నులు తెరచునప్పటికి ముందు వరుసలో ఒక కుటుంబము లేదు. వారు క్రిస్మసు వరకు గుడికి రాలేదు. వచ్చినప్పుడు వెనుక, తలుపు దగ్గర కూర్చుండిరి. ఇప్పటికిని అక్కడనే కూర్చుందురు; నేనును ఆ రెండు పేర్లు ఇంకను చెప్పుచునే యున్నాను.