గరిక నాటాక తెలిసింది

వీడియోల్లో నా వెనక కనిపించే పచ్చిక కిందటేడాది వరకు లేదండీ. అక్కడ తుంగ, వయ్యారిభామ తెగ పెరిగి ఉండేవి. చవితి పూజకి రెండు గరిక పోచలు కావాలన్నా బజారుకే పరిగెత్తేవాణ్ణి. అందుకే అక్కడ గరికే పెంచుదామనుకున్నా.

ఒక ఆదివారం గ్లౌజులు వేసుకుని (వయ్యారిభామని ఉత్త చేతులతో ముట్టుకోకండి, దద్దుర్లు వస్తాయి) మొత్తం పీకేశాను. నేల అద్దంలా ఉంది. ఒక వాన పడింది. పది రోజుల్లో తుంగ మళ్లీ తలెత్తింది, ఈసారి ఇంకా ఒత్తుగా! తవ్వి చూస్తే అర్థమైంది, నేను పీకింది ఆకుల్నే. కింద గొలుసులా ఒకదాన్నొకటి పట్టుకుని నల్లటి గడ్డలున్నాయి. తుంగముస్తలంటే అవే. ఆయుర్వేదంలో మందు, మంచి వాసన కూడా. పాపం, దాని తప్పేం లేదు.

ఆ గడ్డ చేతిలో పట్టుకుంటే నా మొదటి అయ్యప్ప దీక్ష గుర్తొచ్చింది. ఇది మీకెప్పుడూ చెప్పలేదు. 41 రోజులు సిగరెట్ ముట్టలేదు. మొహంలో కళ వచ్చిందన్నారు అందరూ. మాల తీసిన సాయంత్రమే టీ కొట్టు దగ్గర వెలిగించాను. అమ్మ చూసింది. ఏమీ అనలేదు. తిట్టినా బాగుండేది.

భగవద్గీత రెండో అధ్యాయం 59వ శ్లోకంలో కృష్ణుడు ఈ సంగతే చెప్తాడు. ఇంద్రియాలకి మేత ఆపేస్తే విషయాలు దూరమవుతాయి గానీ వాటి మీద రుచి మిగిలే ఉంటుందట. పరమాత్మ కనిపించాకే ఆ రుచి కూడా పోతుందట. దీక్షలో లోపం లేదండీ. ఇంకెన్ని రోజులు అని లెక్కపెట్టుకుంటూ గడిపింది నేను.

సరే, పెరడు. అడుగు లోతు తవ్వి, మట్టిని వేళ్లతో జల్లించి గడ్డలేరాను. మూడు వారాలు పట్టింది, నడుం పోయింది. ఈసారి నేలని ఖాళీగా వదల్లేదు. ఆషాఢం వానల్లో గరిక కాడల్ని రెండు మూడు కణుపులుండేలా తుంచి, జానెడు దూరంలో నాటాను. ఎండ బాగా తగిలే చోటు కావాలి, వేరు పట్టేదాకా రోజూ తడి ఉండాలి. కణుపు నేలకి తగిలిన చోటల్లా వేరు వేస్తుంది. మహానారాయణోపనిషత్తు దూర్వని కీర్తించేది ఈ కణుపుల గురించే. మనింట్లో లాన్ అంటే విదేశీ సరుకనుకుంటాం గానీ, వినాయకుడికిచ్చే ఆ గరికే!

తర్వాతి దీక్షలో మాల తీశాక కూడా ఒక్కటి ఆపలేదు: సాయంత్రం ఆరింటికి దీపం, 108 సార్లు శరణం. అది నా సిగరెట్ టైము. ఇప్పటికీ టీ కొట్టు దాటేటప్పుడు ఆ వాసనకి మనసు ఒక్క క్షణం ఆగుతుంది.

ఈ చవితికి గరిక కొనక్కర్లేదు. ఇవాళ పొద్దున కోస్తుంటే మధ్యలో రెండు తుంగ మొలకలు కనిపించాయి. గునపం తేవడానికి లోపలికెళ్లాను.