పెళ్లికూతురి జడ

సినిమాతారల పెళ్లిళ్లు చూసి మన ఆడపిల్లలు తలలు దువ్వుకుంటున్నారనే ఫిర్యాదు రెండు వైపులనుంచీ వినిపిస్తున్నది. సంప్రదాయవాదులు దీన్ని సంస్కృతీ పతనం అంటారు. అభ్యుదయవాదులలో కొందరు దీన్ని బూర్జువా వ్యామోహం అంటారు. ఒకరు శాస్త్రం పేర మాట్లాడినా, మరొకరు శాస్త్రీయదృష్టి పేర మాట్లాడినా, ఇద్దరూ మందలించేది ఒక్కరినే, పెళ్లికూతురిని. పెళ్లి కుదిర్చిన పెద్దలనూ, పెళ్లి ఎంత ఘనంగా జరగాలో శాసించిన మగపెళ్లివారినీ, తారల బొమ్మలను సరుకుగా మార్చిన వ్యాపారులనూ వదిలిపెట్టి, పీటలమీద తల దించుకుని కూర్చున్న మనిషినే దోషిగా నిలబెట్టే విమర్శలో ఏదో లోపం ఉండితీరాలి. ఆ లోపం ఎక్కడ ఉన్నదో చూడటమే ఇక్కడ మన పని.

మొదట తేల్చుకోవలసిన ప్రశ్న ఇది: అలంకారంలో అనుకరణ నీతిరీత్యా తప్పా?

1960లో ‘లవ్ ఇన్ సిమ్లా’ అనే హిందీ చిత్రం వచ్చింది. నాయిక సాధన నుదురు మరీ విశాలంగా ఉన్నదని, దాన్ని కొంత కప్పటానికి దర్శకుడు ఆర్.కె. నయ్యర్ హాలీవుడ్ నటి ఆడ్రీ హెప్‌బర్న్ ముంగురులను నమూనాగా తీసుకున్నాడు. ఆ ముంగురులే ‘సాధన కట్’ అనే పేరుతో దేశమంతటా పాకాయి. అంటే, మన అమ్మాయిలు ఎవరిని అనుకరించారో ఆమే మరొకరిని అనుకరించింది. ఒక నటి నుదుటికి అక్కరకు వచ్చిన ఉపాయం, ఆ అక్కర లేని వేలాది నుదుళ్ల మీదికి చేరింది. ఇందులో నవ్వుకోవలసింది కొంత ఉన్నదేమోగాని, పాపం మాత్రం లేదు.

“అది పరాయి సరుకు. మన పెళ్లిజడ మాట వేరు” అంటాడు సంప్రదాయవాది. సవరం కలిపి అల్లిన జడ, తలమీద సూర్యవంక, చంద్రవంక, జడ పొడుగునా బిళ్లలు, చివర కుచ్చులు, వీటన్నిటినీ కప్పుతూ మల్లెమొగ్గల పూలజడ. చూడముచ్చటైనదే, కాదనలేం. కాని ఈ నగల పుట్టుక మాటేమిటి? గుళ్లలో దేవతా విగ్రహాలకూ, ఆ విగ్రహాల ముందు ఆడిన దేవదాసీలకూ అలంకరించిన నగల వరస ఇది. నేటి దుకాణాలలో వీటిని ‘టెంపుల్ జ్యూయెలరీ’ అనే పేరు పెట్టే అమ్ముతున్నారు. దేవుడికిచ్చి పెళ్లిచేశామని చెప్పి, మనిషిని పెళ్లాడే హక్కును సమాజం ఏ స్త్రీలకు లేకుండా చేసిందో, వారి తలలోని సింగారాన్ని పెళ్లికూతురి తలలోకి తెచ్చుకున్నది. 1947లో మద్రాసు ప్రభుత్వం దేవదాసీలుగా అంకితం చెయ్యటాన్ని చట్టరీత్యా నిషేధించింది. ఆ స్త్రీలు తెరమరుగయినారు. వారి జడ మాత్రం కులస్త్రీల పెళ్లిపీటలకెక్కి సంప్రదాయమనిపించుకున్నది. తమ కాలానికి వారే తారలు. అంచేత, నిన్నటి అనుకరణకు మనం ఇవాళ పెట్టుకున్న గౌరవవాచకమే సంప్రదాయం అనవలసివస్తుంది.

అనుకరణ కళకు విరోధి కూడా కాదు. కూచిపూడి భామాకలాపంలో తెరమీదుగా జడ వేసి వచ్చే సత్యభామను తలుచుకోండి. ఆ పాత్రకు ప్రఖ్యాతి తెచ్చిన వేదాంతం సత్యనారాయణశర్మ పురుషుడు. కట్టినది పెట్టుడు జడే అయినా, దానివెనక ఏళ్ల తరబడి చేసిన సాధన ఉన్నది. ఆయన స్త్రీలను పరిశీలించి వారి హొయలు నేర్చాడు. ఆ హొయలను ఆయన దగ్గర స్త్రీలు నేర్చుకున్నారు. ఇటువంటి అనుకరణలో అనుకరించేవాడు కొంత సంపాదించుకుంటాడు. తన వివేకంతో ఎంచుకుని, తన చేతితో చేసి, తనదిగా మార్చుకుంటాడు.

ఇప్పుడు జరుగుతున్నది అదేనా? 2017 డిసెంబరులో ఇటలీలో అనుష్కా శర్మ పెళ్లి జరిగింది. పూలు చుట్టిన ఆమె ముడి ఫొటోలు దేశమంతా చూసింది. 2024 డిసెంబరు 4న హైదరాబాదు అన్నపూర్ణ స్టూడియోలో శోభితా ధూళిపాళ పెళ్లి జరిగింది. ఆమె కంచిపట్టు చీర కట్టి, బాసికం కట్టుకుని, అచ్చమైన తెలుగు పెళ్లికూతురిగా కనిపించింది. ఒకటి కొత్త పద్ధతి, ఒకటి పాత పద్ధతి. కాని రెండూ మన ఇళ్లకు ఒకే దారిన, ఒకే చేతిఫోను తెరమీదుగా వచ్చాయి. ఇక్కడే ఆలోచించవలసిన సంగతి ఉన్నది. అమ్మమ్మ పెట్టెలో మాసిపోతున్న జడబిళ్ల, ఒక నటి తలలో కనిపించిన తరువాతగాని మనవరాలి కంటికి అందంగా తోచటం లేదు. వస్తువు మనదే, తల మనదే. అందమా కాదా అనే తీర్పు మాత్రం మన చేతిలో లేదు. తప్పు అనుకరణలో లేదు, ఈ తీర్పును వదులుకోవటంలో ఉన్నది.

అయితే వెనకటి రోజుల్లో ఆ తీర్పు పెళ్లికూతురి చేతిలో ఉండేదని భ్రమపడకూడదు. పూలజడ కుట్టిన పిన్నమ్మలూ మేనత్తలూ నేర్పుగలవాళ్లే. కాని జడ వేయించుకున్న పిల్లను ఎవరూ ఏమీ అడగలేదు. చాలాచోట్ల ఆమె వయసు అడగదగిన వయసే కాదు. మన సమాజం స్త్రీ జుట్టును ఏనాడూ ఆమె సొత్తుగా ఒప్పుకోలేదు. బ్రాహ్మణాది కుటుంబాలలో పెళ్లినాడు పూలు ముడిచిన తలకే, మొగుడు పోయిన తరువాత క్షౌరం చేయించేవారు. అలంకరించిన అధికారమూ, గొరిగించిన అధికారమూ ఒక్కటే. 1881 డిసెంబరు 11న రాజమహేంద్రవరంలో వీరేశలింగం జరిపించిన మొదటి వితంతు వివాహానికి అంత అలజడి రేగిందంటే, ఆ అధికారానికి దెబ్బ తగిలినందువల్లనే. అంచేత పాతజడను స్వేచ్ఛగానూ కొత్తముడిని దాస్యంగానూ చిత్రించటం చరిత్రకు నిలవదు. పెత్తనం చేతులు మారింది, అంతే. నిన్న కుటుంబానిది, ఇవాళ కుటుంబానిదీ మార్కెట్టుదీ కలిసి.

జడ ఎవరిదనే ప్రశ్నకు అక్షరాలా జవాబు కూడా చెప్పుకోవాలి. తారల తలకట్టుకు తగిన ఒత్తు మామూలు జుట్టుకు రాదు. సవరం కలపాలి. ఆ సవరంలోని జుట్టు ఎవరిది? తిరుమల కల్యాణకట్టలో మొక్కు తీర్చుకున్న ఒక తల్లిది కావచ్చు. ఆమె తలనీలాలు దేవుడికి సమర్పించింది. దేవస్థానం వాటిని పొడవునుబట్టి తరగతులు చేసి వేలం వేస్తుంది. 2011నుంచి ఈ వేలం ఇంటర్నెట్టు ద్వారా జరుగుతున్నది. ఇటీవలి బడ్జెట్లలో ఈ పద్దుకింద ఏటా వంద కోట్ల రూపాయలకు మించిన ఆదాయాన్ని అంచనా వేస్తున్నారు. లేదా, దువ్వెనకు వచ్చిన చిక్కువెంట్రుకలను గోడసందులో దాచి, వీధిలో వచ్చేవాడికిచ్చి స్టీలుగిన్నెనో పిన్నులనో తీసుకున్న పేదరాలిది కావచ్చు. అటువంటి ఉండలను కర్ణాటకలోని కొప్పళ ప్రాంతంలోనూ, బెంగాలులోని ముర్షిదాబాదు జిల్లాలోనూ కూలిస్త్రీలు కూర్చుని వెంట్రుక వెంట్రుకగా చిక్కుతీస్తారు. మన ఏలూరునుంచి కూడా జుట్టు విదేశాలకు ఎగుమతి అవుతున్నది. ముడిజుట్టు అడ్డదారుల్లో పొరుగుదేశాలకు పోయి, ఇక్కడి పనివాళ్లకు పని లేకుండా పోతున్నదని మొరపెట్టుకున్న మీదట, 2022 జనవరిలో కేంద్రప్రభుత్వం దాని ఎగుమతిపై ఆంక్ష పెట్టింది. ఒక కొప్పు వెనక ఇంత వ్యవహారం ఉన్నది. ముహూర్తానికి తీసిన ఫొటోలో ఇది ఒక్కటీ కనపడదు.

ఆ కొప్పు కట్టిన చేతుల సంగతీ అంతే. తరతరాలుగా తలపని చేసిన నాయీబ్రాహ్మణుణ్ణి ఊరు తక్కువచూపు చూసింది. పెళ్లిలో అతని వాద్యం కావాలి, అతని కత్తి కావాలి, పంక్తిలో అతను మాత్రం అక్కరలేదు. అదే పని అద్దాలగదిలోకి మారి, పెట్టుబడి చేతిలో పడగానే గౌరవనీయమైన వృత్తి అయింది. డబ్బు తగలగానే వదిలిపోయిన మైల ఆ పనిలో ఎన్నడూ లేదన్నమాట. ఆ అద్దాలగదిలో పొద్దంతా నిలబడి పనిచేసే పిల్లకు మాత్రం ఆ గౌరవమూ పూర్తిగా దక్కదు, ఆ లాభమూ దక్కదు.

ఖర్చు ఎవరిదో వేరే చెప్పనక్కరలేదు. 1961 చట్టం వరకట్నాన్ని నిషేధించింది. పెళ్లికూతురి తలకట్టు కట్నం లెక్కలోకి రాదు. ‘మా ఇంటికి వచ్చే పిల్ల ఫొటోల్లో బాగుండాలి’ అన్న ఒక్క మాటతో ఆడపిల్ల తండ్రి మరొక అప్పుపత్రం రాస్తాడు. తారకు ఆ అలంకారం వృత్తిలో భాగం. దానివల్ల ఆమెకు ప్రచారమూ రాబడీ ఉన్నాయి. ఆమెను అనుకరించిన చిన్న ఉద్యోగి కూతురికి మిగిలేది ఫొటోల ఆల్బమూ, తండ్రి కట్టే వడ్డీ.

“జీవితంలో ఒక్కరోజు. ఆపాటి ముచ్చట కూడా తీర్చుకోవద్దా?” అని అడుగుతారు. తప్పకుండా తీర్చుకోవచ్చు. పొద్దంతా నాట్లు వేసి వచ్చిన కూలిమనిషి సాయంత్రం కొప్పులో బంతిపువ్వు తురుముకుంటుంది. ఆమెకు బూర్జువా వ్యామోహం అంటగట్టే సిద్ధాంతం, సిద్ధాంతం కాదు, మొరటుతనం. అందాన్ని కోరటం మనిషి లక్షణం. దాన్ని కలవారికి వదిలిపెట్టి, లేనివారికి నిరాడంబరత్వాన్ని బోధించటం అభ్యుదయమూ కాదు. కాని ముచ్చట వేరు, విధి వేరు. నాకు వద్దు అనే వీలు ఉన్నప్పుడే నాకు కావాలి అనే మాటకు విలువ. నూనె రాసి మామూలు జడ వేసుకుని పీటలమీద కూర్చున్నా, ఆమెకు ఇంట్లోనూ పందిట్లోనూ మర్యాద తగ్గకుండా ఉంటుందా? తగ్గదంటే, ఆమె ఏ తార కొప్పు పెట్టుకున్నా అది ఆమె ఇష్టమే, మనం వేలెత్తి చూపనక్కరలేదు. తగ్గుతుందంటే, అమ్మమ్మనాటి పూలజడ అయినా అది ముచ్చట కాదు, బలవంతమే.

కాబట్టి విమర్శకుడు తన చూపుడువేలిని కొంచెం పక్కకు తిప్పుకోవాలి. జుట్టు ఇచ్చిన స్త్రీకి దాని ధర తెలిసిందా, చిక్కు తీసిన స్త్రీకి కడుపునిండే కూలి ముట్టిందా, ముడి కట్టిన మనిషికి మర్యాద దక్కిందా, అప్పు చేసిన తండ్రిని ఆ అప్పుకు నెట్టినవారు ఎవరు? ఈ ప్రశ్నలు వేసిన తరువాత, ఆ ముడి ఎవరిని చూసి కట్టుకున్నదనే ప్రశ్న మిగిలితే, దాన్ని పెళ్లికూతురికీ ఆమె అద్దానికీ వదిలిపెట్టవచ్చు.