మల్లస్మృతియు సత్యధర్మమును

గతించిన బలవంతులను గూర్చి చెప్పుకొనుటయందు లోకమునకు మిక్కిలి మక్కువ. ధనవంతుని ధనము అతనితోడనే మరపునకు వచ్చును గాని, బలవంతుని బలము అతడు పోయిన పిదప నానాటికి పెరుగుచుండును. తాత చూచిన మల్లుడు ఎడ్లబండిని నిలిపెనని చెప్పగా, మనుమడు ఆ బండిని మోటారుగా మార్చి చెప్పును. ఈ యతిశయోక్తి కేవలము వినోదమా, లేక దోషమా? మనము ప్రేమించినవారిని గూర్చి సత్యమును వెదకుట వారికి గౌరవమా, అపచారమా? ఈ ప్రశ్న అన్ని స్మృతులకును చెందినదే యైనను, కుస్తీవిద్యయందు మిక్కిలి స్పష్టముగా గోచరించును గనుక దానినే యాధారముగా గొని విచారింప దలచితిమి.

హైదరాబాదు పాతబస్తీలో కుస్తీ నేర్పు స్థలమును తాలీమందురు. తాలీమనగా అరబ్బీభాషలో విద్య. అచట నేర్పువాడు ఉస్తాదు, అనగా గురువు. తెల్లవారకమునుపే లేచి గోదాలోని మట్టిని పారతో తిరుగవేసి, నూనెయు పసుపును గలిపి మెత్తన చేయుట శిష్యుని మొదటి పని. ఆ మట్టిని కన్నుల కద్దుకొని, గురువునకు మ్రొక్కి, దండీలును బస్కీలును తీసిన తరువాతనే పట్లు నేర్చుట. ఈ ఉస్తాదు శబ్దమే తెనుగున వస్తాదైనది. అయితే అర్థము మాత్రము దారిలో జారిపోయినది. గురువను భావము పోయి, కండలు గలవాడను భావము మిగిలినది. ఒక మాట అర్థము మారుటలో ఒక విద్య చరిత్ర యంతయు ఇమిడియుండునని మా తలంపు. దీనిని మరల ప్రస్తావింతుము.

ఈ విద్య దక్కనునకు క్రొత్తది గాదు. కల్యాణి చాళుక్యులలో మూడవ సోమేశ్వరుడు 12వ శతాబ్దిలో రచించిన మానసోల్లాసమున మల్లవినోదమను ప్రకరణము కలదు. మల్లుల తరగతులు, వారి యాహారము, వారి వ్యాయామము అందు వర్ణింపబడినవి. ఆ కల్యాణి 1956 వరకు హైదరాబాదు రాష్ట్రములోనిదే. విజయనగరమునకు వచ్చిన పోర్చుగీసు యాత్రికుడు పేయెజు, కృష్ణదేవరాయలు తెల్లవారకమునుపే నువ్వులనూనె త్రాగి, ఒడలెల్ల నూనె రాచుకొని, తన మల్లులలో నొకనితో పెనగుచుండెడివాడని వ్రాసియున్నాడు. పాతబస్తీకి దక్షిణమున బార్కాసను పేట యున్నది. నిజాముల కొలువులోని అరబ్బు సిపాయిల బారకాసులుండుటచే దానికా పేరు కలిగినది. హద్రమౌతు దేశమునుండి వచ్చిన ఆ సిపాయిల సంతతివారచట నేటికిని నివసించుచున్నారు. కుస్తీకి ఆ పేట పేరొందినది. చాళుక్యుల మల్లవిద్య, పారసీకుల పహిల్వానీ, అరబ్బుల సిపాయిదనము, ఈ మూడును ఒకే మట్టిలో కలిసిన చోటు మన నగరము.

ఇక పశ్చిమదేశమునకు పోవుదము. మన దేశపు మల్లుడు గామా 1910లో లండనునకు పోయెను. పొట్టివాడని నిర్వాహకులు మొదట చేర్చుకొనకపోగా, ఎవరైనను తనతో పెనగవచ్చునని అతడు సవాలు ప్రకటించెను. అమెరికా మల్లుడు బెంజమిన్ రోలరును గెలిచి, సెప్టెంబరు 10వ తేదీన పోలెండు దేశీయుడైన జిబిస్కోతో తలపడెను. ఆ పెనగులాట రెండున్నర గంటలకు మించి సాగినది. జిబిస్కో చాలవరకు బోరగిల పడియుండి, గామా తన్ను వెల్లకిల త్రిప్పకుండ నేలను కరచుకొనియుండెను. ఫలితము తేలలేదు. వారము దినముల తరువాత మరల తలపడవలసియుండగా జిబిస్కో రాలేదు. విజయము గామాదని ప్రకటించిరి. 1928లో పటియాలాలో ఇరువురును మరల కలిసినప్పుడు ఒక నిమిషమైన నిండకమునుపే గామా అతనిని చిత్తు చేసెను.

ఈ కథ చెప్పునప్పుడు మనము రెండవ ఘట్టమునే సంతోషముతో చెప్పుదుము. మొదటిదానియందును ఒక పాఠము కలదు. నిజమైన కుస్తీ తరచుగా చూపరులకు విసుగు పుట్టించును. ఒకడు నేలను పట్టుకొని గంటలకొలది పడియున్నచో, టిక్కెట్టు కొన్నవాడు మరునాడు రాడు. ఆటను నమ్ముకొని వ్యాపారము చేయువానికి ఇది గొప్ప చిక్కు. దీనికి వ్యాపారులు కనిపెట్టిన ఉపాయమే ముందుగా మాటలాడుకొన్న కుస్తీ. ఎవడు గెలువవలయునో, ఎంతసేపు పెనగవలయునో, ఎవడు దుష్టుడుగా నటింపవలయునో గోదాలోనికి దిగకమునుపే నిర్ణయింతురు. ఇంగ్లండులో 1930 ప్రాంతమునుండి ఈ వృత్తికుస్తీ బాగుగా వ్యాపించినది. 1955 మొదలు టెలివిజనులో ప్రసారమై, శనివారము సాయంకాలమున కుటుంబములకు కుటుంబములే దానిముందు కూర్చుండెడివి. మిక్ మెక్‌మానసు, జాకీ పాలో, బిగ్ డాడీ, జయంట్ హేస్టాక్స్ మొదలగువారి పేర్లు ఆ దేశమున పిల్లలకును ముసలమ్మలకును గూడ కంఠస్థములు. 1985లో జాకీ పాలో తన యాత్మకథలో ఈ కుస్తీల గుట్టును విప్పి చెప్పెను. 1988లో ఆ ప్రసారములు నిలిచిపోయినవి.

నాటి పిల్లలు నేడు వృద్ధులు. వారిలో కొందరు పాత గోడపత్రికలను, పత్రికలలోని ఫలితములను, ఛాయాపటములను ఓపికతో కూర్చి, ఏ మల్లుడు ఎచట పుట్టెను, ఏ గోదాలో ఎవనితో పెనగెను అని పరిశోధించుచున్నారు. ఆ ఫలితములు ముందే నిర్ణయింపబడినవని వారికి తెలియును. తెలిసియు ఏల వెదకుచున్నారు? అసత్యమని తేలినదానిని ప్రేమించుట అవివేకము గాదా?

అవివేకమే యని కొందరు కఠినముగా చెప్పుదురు. వారి మాటను మేము సంపూర్ణముగా నంగీకరింపజాలము. మన వీధినాటకములో రావణుడు ప్రతిరాత్రియు చచ్చి, మరునాటి యూరిలో మరల లేచును; వానిని అబద్ధీకుడని యెవరును నిందింపరు. చూచువాడును ఆడువాడును ఒక యొప్పందమున కట్టుపడియున్నారు. మన కోడి రామమూర్తినాయుడు తన సర్కసులో ఉక్కుగొలుసులను త్రెంచి, రొమ్ముపై ఏనుగును నిలుపుకొన్నప్పుడు, తాను చేయునది ప్రదర్శనమనియే చెప్పి చేసెను; అది పోటీయని యెన్నడును నమ్మింపలేదు. కావున ప్రదర్శనమగుట దోషము గాదు. ప్రదర్శనమును పోటీయని చెప్పి అమ్ముట దోషము. ఆంగ్లదేశపు వృత్తికుస్తీయందలి తప్పు ఆ కప్పిపుచ్చుటలోనున్నది గాని పెనగులాటలో లేదు.

మరియొక సంగతి. ఫలితము కల్పితమైనను దేహము కల్పితము గాదు. 1987 ఆగస్టులో గ్రేట్ యార్మౌత్ పట్టణమున బిగ్ డాడీతో పెనగిన మాల్ కర్క్ అను మల్లుడు గోదాలోనే కుప్పగూలి మరణించెను. అతనికి తీవ్రమైన గుండెజబ్బు ఉండెనని తరువాత విచారణలో తేలినది. అతడోడవలయునని ముందే నిశ్చయింపబడియున్నది; అతడు చావవలయునని ఎవరును నిశ్చయింపలేదు. ఇట్టివానిని గూర్చి "అంతయు నాటకమే" యని నవ్వి త్రోసివేయుట, "అంతయు నిజమే" యని పొగడుటకంటె మేలైనది గాదు. రెండును ఆ మనుష్యుని చూడ నిరాకరించుటయే.

ముందుగా నిశ్చయించుకొని యోడుట ఎల్లప్పుడును నీచమేనా? పారసీక దేశమున పూర్యాయె వలీ యను మల్లుని కథ ప్రసిద్ధము. అతడు 14వ శతాబ్ది యారంభమున గతించినవాడు. ఇరాను వ్యాయామశాలలలో నేటికిని అతని పేరు భక్తితో తలతురు. మరునాడు తనతో పెనగబోవు యువకుని తల్లి, తన కుమారుడు ఓడిన తమ బ్రతుకు చెడునని కన్నీటితో ప్రార్థించుచుండగా ఆయన వినెనట. మరునాడు గెలువగలిగియు, ఎవరికిని తెలియనీయక తానే వెల్లకిల పడెనట. ఇది కథయే కావచ్చును. కాని ఒక జాతి తన మల్లులలో నుత్తముడెవడని యడిగినప్పుడు, గెలిచినవానిని గాక ఓడినవానిని చూపుట గమనింపదగినది. వ్యాపారి చెప్పగా పడినవాడును, దయచే పడినవాడును మట్టిలో ఒకే విధముగా పడుదురు; వారి నడుమ భేదము గోదాలో గాక మనస్సులోనున్నది. కావున మల్లుని విచారించునప్పుడు పోటీ నిజమా కల్పితమా యని యొక్క ప్రశ్నతో నాగరాదు. ఎవరి మేలు కొరకు బలమును చూపెను, చూచువారి సమ్మతితో చూపెనా, ఎవరికైన కీడు కలిగెనా యను మూడు ప్రశ్నలను గూడ నడుగవలయును.

ఈ ప్రశ్నలతో మరల పాతబస్తీకి వత్తము. పహిల్వానను మాటకు పారసీకమున వీరుడని యర్థము. మన నగరమున కొన్ని దశాబ్దులుగా ఆ మాటకు వేరొక నీడ పట్టినది. నగరము పెరిగి భూముల వెల పెరిగిన కొలది, స్థలముల తగాదాలను న్యాయస్థానమునకు వెలుపల "సెటిల్మెంటు" చేయువారికి గూడ జనులు ఈ పేరునే వాడసాగిరి. విధవ యొక్క ఇంటిస్థలమును విడిపింపవలెనన్నను, ఆక్రమింపవలెనన్నను బలవంతుని నిలువబెట్టిన చాలును. అచట ఎవరును పెనగరు. కండలు చూపుటతోడనే పని నెరవేరును. చదువరులు గమనింతురు గాక: ఇదియు ఒక ప్రదర్శనమే. ఫలితము ముందే నిర్ణయమై యున్నది, బలము వేషముగా ధరింపబడినది. భేదమేమనగా, ఆంగ్లదేశపు గోదాయొద్ద కూర్చున్నవాడు టిక్కెట్టు కొని తన యిష్టముతో వచ్చెను. తలుపు వెనుక వణకుచున్న విధవను ఈ ప్రదర్శనమునకు ఎవరును పిలువలేదు. కల్పితకుస్తీకంటె ఇది వేయిరెట్లు హీనము. మొదటిది డబ్బును మోసగించెను, రెండవది నీడను హరించుచున్నది.

ఇట్టి పరిస్థితిలో తాలీములను గూర్చి మనవారు రెండు విధముల మాటలాడుచున్నారు. కొందరు పాతకాలపు ఉస్తాదులందరును ఋషులేయని కన్నీరు పెట్టుకొందురు. కొందరు పహిల్వానులందరును దౌర్జన్యపరులేయని ముఖము త్రిప్పుకొందురు. సత్యమును వెదకు శ్రమ ఇరువురును పడలేదు. తెల్లవారకమునుపు మట్టిని త్రవ్వి, బీదపిల్లలకు పట్లు నేర్పి, వారి కోపమును గోదాలోనే చల్లార్చిన గురువునకు, తన పేరును తగాదాలకమ్ముకొన్నవానికి నడుమ భేదము చూపగలది సత్యమొక్కటియే. అందరిని సమానముగా పొగడినచో, ఆ పొగడ్తలో మంచివాని భాగమును చెడ్డవాడు దొంగిలించును. నిజమైన గురువు పేరును కాపాడదలచినవాడే ముందుగా పరిశోధకుడు కావలయును.

"ముసలివారు తమ చిన్ననాటి వీరులను తలచి సంతసింతురు, వారి సంతోషమును చెరచుట మీకేల?" యని కొందరు మమ్మడుగవచ్చును. ఈ యాక్షేపణమునందు దయ కలదు. దానిని తేలికగా త్రోసివేయరాదు. ఒక వృద్ధుని నోటి కథకు ఆధారములడిగి అతనిని చిన్నబుచ్చుమని మేము చెప్పుట లేదు. కాని కథను వినుట వేరు, దానిని పిల్లలకు ఆదర్శముగా నప్పగించుట వేరు. భక్తి ప్రశ్నను సహింపని చోట బలహీనుల మొర వినబడదు. 2023లో మన దేశపు మహిళా మల్లులు కొందరు, ఒలింపిక్ పతకము గెలిచినవారితో సహా, తమ సమాఖ్య పెద్దపై లైంగిక వేధింపుల ఆరోపణలు చేసి ఢిల్లీలో జంతర్ మంతర్ వద్ద కూర్చుండిరి. ఆ యారోపణల నిజానిజములు తేల్చుట న్యాయస్థానముల పని. కాని దేశమునకు కీర్తి తెచ్చిన యాడుబిడ్డలు వీధిలో కూర్చుండినగాని వారి మాట వినబడకుండుట, పెద్దలను ప్రశ్నింపరాదను మన పాత యలవాటునకు ఫలము గాదా? సత్యమును వెదకుట గతించినవారికి మాత్రమే సంబంధించినది కాదు. గోదాలో నేడు అడుగిడు బాలికకు అది కవచము.

కావున గృహస్థులైన చదువరులకు మా మనవి యిది. మీ యింట వృద్ధులు పాత మల్లులను గూర్చి చెప్పునప్పుడు ప్రీతితో వినుడు, వినుటతో నాగక వ్రాసికొనుడు. ఎవనిని ఓడించెనని మాత్రమే గాక, ఎవరికి నేర్పెనని, దేనికి లొంగలేదని, ఏ పనికి తన బలమునీయ నిరాకరించెనని యడుగుడు. అతని మోకాళ్లు ముదిమిలో ఎట్లుండెను, అతని భార్యాబిడ్డలు ఎట్లు బ్రతికిరి అని యడుగుడు. విజయములు గోడపత్రికలలో దొరకును. ఈ సంగతులు ఇంటివారి జ్ఞాపకములో తప్ప మరెచటను దొరకవు. వాటిని చెప్పగలవారు ఒక్కొక్కరే వెళ్లిపోవుచున్నారు. ఇరుగుపొరుగున మంచి తాలీము ఇంకను నడచుచున్నయెడల, దానిని చూచి, అచటి గురువు నడవడిని విచారించి, కొడుకునే గాక కూతురును గూడ పంపుటకు సందేహింపకుడు. వస్తాదను మాటకు మరల గురువను నర్థము కలుగవలెనన్న, నిఘంటువులు దిద్దుటచే కాదు. ఆ పేరునకు తగినవారెవరో, తగనివారెవరో మనము నిర్భయముగా చెప్పుకొనుటచేతనే యగును.