అటక మీద పాట

అంబాజీపేట దగ్గర ఒక కొబ్బరి కొట్టు. కింద ఒలుపు జరుగుతుంది, పైన అటక మీద కురిడీకి పోసిన కాయలుంటాయి. పొద్దువాలి కూలీలు వెళ్ళిపోయాక ఆ కొట్టు నలుగురు కుర్రాళ్ళ వశమయ్యేది. ఒకడు అమలాపురంలో ఆటో తోలతాడు. ఒకడు రావులపాలెం అరటి మార్కెట్లో లెక్కలు రాస్తాడు. ఒకడు దింపు కార్మికుడి కొడుకు. నాలుగోవాడు పెళ్ళి మేళంలో డ్రమ్ము వాయిస్తాడు. రెండు గిటార్లు, ఒక డ్రమ్ సెట్టు, గురకపెట్టే పాత యాంప్లిఫయరూ వాళ్ళ ఆస్తి. కొట్టు యజమాని తాతగారు అద్దె అడగలేదు. "మీ రొదకి దొంగలు కూడా ఇటు రార్రా" అని నవ్వేవాడు.

ఐదేళ్ళలో ఏడు పాటలు తయారయ్యాయి. ఆల్బమ్‌కి ఇంకొకటి తక్కువైతే, ఎప్పుడో మొదట్లో కట్టి పక్కన పడేసిన పాటను చివర్లో చేర్చారు. సఖినేటిపల్లి రేవులో ఆఖరి పంటు తప్పిపోయి, వశిష్ఠ అవతలి ఒడ్డున నరసాపురం దీపాలు చూస్తూ కూర్చున్నవాడి పాట అది.

వాళ్ళు గొప్పవనుకున్న ఏడూ ఎవరికీ పట్టలేదు. ఆఖరి పాట మాత్రం ఊళ్ళు దాటింది. రాజోలు బస్సుల్లో మోగింది, పెళ్ళి ఊరేగింపుల్లో మోగింది, కువైట్‌లో ఉన్న కోనసీమవాళ్ళ ఫోన్లలోకి ఎక్కింది. కనుమనాడు ప్రభల తీర్థానికి జగ్గన్నతోట వెళ్తే, ఏకాదశ రుద్రుల ప్రభలు చూడ్డానికొచ్చిన జనం వాళ్ళను గుర్తుపట్టి చుట్టూ మూగారు. "పంటు పాట! పంటు పాట!" అని ఒకటే కేకలు.

హైదరాబాద్ నుంచి ఒకాయన వచ్చాడు. "ఇలాంటివే ఇంకో ఎనిమిది కావాలి, తొందరగా" అన్నాడు. అడ్వాన్సు చేతిలో పెట్టాడు. కుర్రాళ్ళు నలభై రోజుల్లో ఎనిమిదీ కట్టేశారు. ఆఖరి బస్సు తప్పినవాడి పాట, ఆఖరి రైలు తప్పినవాడి పాట, ఆఖరి ఆట టిక్కెట్టు దొరకనివాడి పాట. అదే తాళం, అదే గిటారు మలుపు. విన్నవాళ్ళు ఒకసారి విని, మళ్ళీ పాత పాటే పెట్టుకున్నారు. హైదరాబాద్ ఆయన ఫోనెత్తడం మానేశాడు.

"జనానికి కొత్తది అక్కర్లేదండి తాతగారూ. అదే పాట కావాలంటారు, అలాంటిది ఇస్తే వద్దంటారు" అన్నాడు పాడే కుర్రాడు.

తాతగారు మాట్లాడకుండా నిచ్చెనెక్కి అటక మీంచి ఒక కాయ తెచ్చాడు. కింద రాశిలోంచి ఇంకొకటి తీశాడు. రెండూ వాడి చేతిలో పెట్టాడు.

"ఊపి చూడు."

రాశిలోంచి తీసిన కాయలో నీళ్ళు కదిలాయి. అటక మీది కాయలో నీరు ఇంకిపోయి, గుండు చిప్పను వదిలి లొటలొటమంది.

"రెండూ ఒకే చెట్టువిరా. ఇది మొన్న దింపులో వచ్చింది, అది పోయినేడు పోసింది. మరి మీ పంటు పాట ఎన్నాళ్ళు అటక మీద ఉంది?"

నలుగురూ మొహాలు చూసుకున్నారు. "మొదట పెళ్ళిలో వాయించామండి, ఎవరూ వినలేదు. మూడుసార్లు మార్చాం. తర్వాత వదిలేశాం. నాలుగేళ్ళు దాటుంటుందండి."

"ఈ ఎనిమిదో?"

"నలభై రోజులండి."

"మరి నీళ్ళు మోగవా?"

ఆటో కుర్రాడికి భయం పట్టుకుంది. "అప్పటిదాకా జనం ఆగుతారాండి?"

"ఆగరు. ఎందుకాగుతారు? పోసిన కాయల్లో కొన్ని కుళ్ళిపోతాయి కూడా. కురిడీ పోసినవాడు అందాకా పచ్చికాయ అమ్ముకుని ఇల్లు గడుపుకోడూ? మీరూ అంతే. పిలిచినచోటికల్లా వెళ్ళి పంటు పాట పాడండి, అందులో సిగ్గేముంది? రాత్రికి మాత్రం ఇక్కడికొచ్చి, ఎవరూ అడగని పాట వాయించుకోండి."

"ఆయ్, అలాగేనండి" అన్నారు నలుగురూ. మూడో ఆల్బమ్ రావడానికి మూడేళ్ళు పట్టింది. అందులో సగం పాటలు కుళ్ళుకాయలే. రెండు మాత్రం నిలిచాయి. ఆ రెంటిలోనూ పంటు లేదు, రేవు లేదు.

నీతి: జనం మళ్ళీ కావాలనేది పాత పాట నమూనాను కాదు, ఆ పాట పండిన కాలాన్ని.

ఇది కోనసీమ కొట్టులోనే జరిగే సంగతి కాదు. ఇంగ్లండులో రేడియోహెడ్ అనే రాక్ బ్యాండుకి పేరు తెచ్చిన 'క్రీప్', గాయకుడు థామ్ యార్క్ విశ్వవిద్యాలయంలో చదువుకునే రోజుల్లో రాసుకున్నది. స్టూడియోలో వేరే పాటల పని మీద ఉండగా మధ్యలో దాన్ని వాయిస్తే, నిర్మాతల చెవిన పడింది. 1992లో విడుదలైతే సొంత దేశంలో పెద్దగా పట్టించుకోలేదు. ఇజ్రాయెల్ రేడియోలో, ఆ తర్వాత అమెరికాలో మోగాకే 1993లో ఇంగ్లండు చెవికీ ఎక్కింది. తొలి ఆల్బమ్ 'పాబ్లో హనీ' అంటే లోకానికి ఆ ఒక్క పాటే. వాళ్ళు దాన్ని పాడిపాడి విసిగారు గానీ, ఇంకో 'క్రీప్' కట్టలేదు. 1995లో 'ది బెండ్స్', 1997లో 'ఓకే కంప్యూటర్' వచ్చాయి. ఈ రోజు ఆ బ్యాండును పెద్దదిగా నిలబెట్టినవి అవే.

మన హైదరాబాద్ బ్యాండ్ చౌరస్తాకి 'ఊరెళ్ళిపోతా మామా' అలాంటి పేరే తెచ్చింది. 2020లో కరోనా వచ్చినప్పుడు వాళ్ళు మళ్ళీ ఊరి పాట పట్టుకోలేదు. చేతులు కలపొద్దని చెప్పే పాట కట్టారు. అదీ జనంలోకి వెళ్ళింది.

కాబట్టి గిటారు పట్టిన తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, హిట్టయిన పాటతో ఇల్లు గడుపుకోండి, తప్పులేదు. దాన్ని అచ్చుగా పెట్టుకుని రెండో పాట పొయ్యకండి. ఎవరూ తొందరపెట్టని రోజుల్లో మొదటి పాట పుట్టింది. రెండోదానికి ఆ రోజుల్ని మీరే కేటాయించుకోవాలి, ఇంకెవరూ ఇవ్వరు.